పక్కకు జరిగిన పీక్

పీహెచ్‌డీ తొలిరోజుల్లో నేను చేసిన ఈ పొరపాటును ల్యాబులో కొత్తగా చేరే పిల్లలకు ముందే చెప్పేస్తుంటాను. పలుచని రాగి రేకు మీద సిలికాన్ అయాన్ల బీమ్ పడుతోంది. రాగి కె-ఆల్ఫా ఎక్స్‌రే 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాలి. మానిటర్ మీద పీక్ అంతకంటే కుడివైపుకు, పదుల ఎలక్ట్రాన్ వోల్టులు జరిగి ఉంది. రాత్రి షిఫ్టు, బీమ్ టైమ్ అయిపోవస్తోంది. యాంప్లిఫయర్ గెయిన్ మారిపోయిందని నిర్ధారించేసుకుని, ఆ పీక్‌నే 8.05గా పెట్టి క్యాలిబ్రేషన్ మార్చేశాను.

మారింది గెయిన్ కాదు, రాగి పరమాణువు. ప్రోటాన్ తగిలితే కె కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది, మిగతావి చాలావరకు ఎక్కడివక్కడే ఉంటాయి. వేగంగా వచ్చే బరువైన అయాన్ ఆవేశం ఎక్కువ. అదే దెబ్బకు ఎల్ కక్ష్యలోంచీ కొన్నిటిని ఊడగొడుతుంది. కేంద్రకానికి అడ్డుగా ఉన్న ఎలక్ట్రాన్లు తగ్గేసరికి మిగిలినవి మరింత బిగుసుకుంటాయి. అందుకే ఎక్స్‌రే శక్తి పెరుగుతుంది. క్రిస్టల్ స్పెక్ట్రోమీటర్‌లో ఎల్ నుంచి ఒకటి పోయినవి, రెండు పోయినవి వేర్వేరు గీతలుగా కనిపిస్తాయి. 1971లో నడ్సన్ బృందం నైట్రోజన్ అయాన్లతో అల్యూమినియంలో చూసింది ఇలాంటి గీతలనే. మా సిలికాన్ డిటెక్టర్ వాటిని విడదీయలేదు. అన్నీ కలిసి ఒకే పీక్‌గా పక్కకు జరుగుతాయి.

ఆధారం ఎదురుగానే ఉంది, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. గెయిన్ మారితే ఆల్ఫా, బీటా రెండూ ఒకే నిష్పత్తిలో జరగాలి. 8.91 దగ్గర ఉండాల్సిన బీటా అంతకు మించి జరిగింది. ఫిట్టింగ్‌లో తేడా అనుకుని దాటేశాను.

మా గైడ్‌గారు గ్రాఫ్ చూసి, "బీమ్ ఆపి ఐరన్-55 సోర్స్ పెట్టి చూశావా?" అని మాత్రం అడిగారు. పెట్టాను. ఆ సోర్స్ నుంచి 5.90 దగ్గర రావాల్సిన మాంగనీస్ గీత నా కొత్త క్యాలిబ్రేషన్‌లో 5.85 దగ్గర వచ్చింది. సోర్స్‌ను ఏ అయానూ కొట్టడం లేదు కనుక ఆ గీత పక్కకు జరగడానికి కారణమే లేదు. తప్పు నా క్యాలిబ్రేషన్‌లోనే ఉంది.

ముడి ఫైళ్లు చెరపలేదు కాబట్టి డేటా దక్కింది. పాత క్యాలిబ్రేషన్‌కు తిరిగి వెళ్లి, నేను తుడిచేయబోయిన ఆ జరుగుడు నుంచే ఎల్ కక్ష్యలో సగటున ఎన్ని ఖాళీలు ఏర్పడ్డాయో లెక్కగట్టాం. ఆ ఖాళీలు ఉన్నప్పుడు ఫ్లోరసెన్స్ ఈల్డ్ కూడా మారుతుంది. అంటే మామూలు పట్టికల్లోని విలువ వాడి వేసిన క్రాస్ సెక్షన్లన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది.