కొప్రా: ఓడలెక్కిన కొబ్బరి

కార్ నికోబార్ దీవిలో ఎండుకొబ్బరిని బస్తాలకెత్తి ఓడకు చేర్చేటప్పుడు వర్తకుల చిట్టాలో పడే పేరు ‘కొప్రా’. ఇంగ్లీషు నిఘంటువుల్లో కనిపించేదీ ఆ మాటే. అదే సరుకును కురిడీ అనో, కుడుక అనో పిలుచుకునే తెలుగువారి చెవికి అది విదేశీ శబ్దంలా తోస్తుంది. నిజానికది మన కొబ్బరికి అతి దగ్గరి చుట్టం.

ఇంగ్లీషువారు దానిని పోర్చుగీసు నుంచి గ్రహించారు; పోర్చుగీసువారికి మలబారు తీరంలో దొరికింది. మలయాళంలో ‘కొప్పర’, కన్నడంలోనూ తెలుగులోనూ ‘కొబ్బరి’, హిందీలో ‘ఖోప్రా’. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా వైద్యగ్రంథం ఎండుకొబ్బరిని ఈ పేరుతోనే పేర్కొని, అది హోర్ముజ్ దాకా ఎగుమతి అవుతుందని తెలిపింది. సరుకుతోపాటు పేరూ ఓడ ఎక్కిందన్నమాట.

అంతకు వెనుకటి కథ మరీ విచిత్రమైనది. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో యూల్, బర్నెల్ హిందీ ఖోప్రాను సంస్కృత ‘ఖర్పర’ శబ్దంతో ముడిపెట్టారు. ఖర్పరమంటే పుర్రె, భిక్షాపాత్ర అని అర్థాలు. ఇది ఊహే అనుకున్నా తోసిపుచ్చడం కష్టం. తెలుగులో ‘బుర్ర’ తలకూ చెల్లుతుంది, ఎండిన కాయ డొల్లకూ చెల్లుతుంది. ‘కోకోనట్’లోని ‘కోకో’ కూడా అటువంటిదే: పోర్చుగీసు నావికులు కాయమీది మూడు కన్నులను చూసి, పిల్లలను బెదిరించే బూచి ముఖమని ఆ పేరు పెట్టారు. ఒకదానినొకటి ఎరుగని రెండు భాషలు ఒకే కాయలో తలనే చూశాయి!

నికోబార్‌లో విరివిగా పెరిగే ఈ చెట్టు ఉత్తరాన అండమాన్‌కు సహజమైనది కాదు. బ్రిటిష్‌వారి ఖైదీల స్థావరంతో అక్కడ తోటలు వెలిశాయి. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో ఖైదీలను ఎద్దులకు మారుగా గానుగకు కట్టి, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయమన్నారు. కొప్రా అంటే వారికి మోయలేని కాడి.

నికోబారీల భాషది ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబం. కొప్రా వారి మాట కాదు. వారి బతుకుమాత్రం చాలావరకు దానిమీదనే ఆధారపడింది. పూర్వం కాయలను జతల లెక్కన వర్తకులకిచ్చి, బదులుగా బట్టలు, ఇనుప పనిముట్లు తీసుకునేవారు. 2004 డిసెంబరు 26న సునామీ తీరపు తోటలను ఊడ్చుకుపోయింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఎన్నో గ్రామాలకు ఓడకెక్కించడానికి కొబ్బరి లేకపోయింది.