అడాజన్ నుంచి నాన్నగారికి

అడాజన్, సోమవారం

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. పిన్ని వాళ్లది తాపీ నదికి ఇవతలి గట్టు, వంతెన దాటితే పాత సూరత్. చలికాలం కదా, సర్దార్ వంతెన దగ్గర లేత జొన్న ఊచబియ్యం వేడివేడిగా అమ్ముతున్నారు. ఇక్కడివాళ్లకు అది పోంక్.

చిన్నక్క కెనడా నుంచి గ్రాన్ ప్రే గురించి రాసింది మీరూ చదివారు. సముద్రపు బురదనేలకు గట్లు కట్టి పండించుకున్న అకాడియా ఫ్రెంచి రైతులను 1755లో ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కించి తరిమేశారు. వాళ్ల జ్ఞాపకంగా అక్కడ 1922లో చర్చి కట్టారు. అలా ఊరు పోయినవాళ్ల గుర్తులు సూరత్‌లోనూ ఉన్నాయి. అవి చూడటానికి రేపు కతార్‌గామ్ వెళ్తున్నాను.

అడాజన్, బుధవారం

నాన్నగారూ,

చూసొచ్చాను. కతార్‌గామ్ దర్వాజా దగ్గర డచ్చివాళ్ల, ఆర్మీనియన్ల సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కన్ను ముందు వాన్ రీడ్ సమాధి మీదికే పోతుంది. రెండంతస్తులు, పైన గుమ్మటం. మలబారు మొక్కల మీద 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ తయారుచేయించిన డచ్చి దొర ఆయన. 1691లో సూరత్ వస్తూ ఓడలోనే పోయాడు.

నేను ఎక్కువసేపు ఉన్నది మాత్రం నేలకు పరిచిన ఆర్మీనియన్ రాతిపలకల దగ్గర. వేలితో దుమ్ము తుడిస్తే అక్షరాల గాడి లోతుగా తగిలింది. ఒక్క ముక్కా చదవలేను, అయినా లేవబుద్ధి కాలేదు. 1604-05లో పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ అరాస్ నది ఒడ్డున ఆర్మీనియన్ల జుల్ఫా పట్నాన్ని ఖాళీ చేయించాడు. నది దాటుతూ ఎంతోమంది మునిగిపోయారు. మిగిలినవాళ్లను ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో పెట్టాడు, వాళ్ల పట్టు వ్యాపారం తనకు కావాలి గనుక. ఆ వర్తకులే సూరత్‌కూ, మన బందరుకూ వచ్చారు.

సాయంత్రం లింబాయత్ వైపు వెళ్లాం. కరీంనగర్, నల్గొండ వైపు పద్మశాలీలు చాలామంది అక్కడున్నారు. వీళ్లను ఏ రాజూ తరమలేదు, ఊళ్లో మగ్గం కూడు పెట్టక పవర్‌లూములకు వచ్చారు. మునిసిపాలిటీ వీళ్ల పిల్లలకు తెలుగు బడులు నడుపుతోంది, అందుకు ఈ ఊరిని మెచ్చుకోవాలి.

మీ సిరిసిల్ల స్నేహితుడి అన్నగారు ఇక్కడే ఉన్నారన్నారు కదా, చిరునామా పంపండి. ఆయన వచ్చిన కాలపు సంగతులు అడిగి రాసుకుంటాను. ఆ వయసువాళ్లు ఉండగానే ఈ పని జరగాలి.

మీ అమ్మాయి