నరోరాలో కరెంటు లేని పదిహేడు గంటలు

1993 మార్చి 31. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న నరోరా అణు విద్యుత్ కేంద్రం, మొదటి యూనిట్. తెల్లవారుజామున 3.31కి టర్బైన్ హాల్లో ప్రమాదం జరిగింది. నేనప్పుడు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసేవాణ్ణి. ఆ రాత్రి నాకు డ్యూటీ లేదు. కాలనీలో, ఇంట్లో నిద్రపోతున్నాను. కాబట్టి మొదటి రెండు గంటల సంగతి లోపల ఉన్నవాళ్ళు చెప్పినది, తర్వాత విచారణలో తేలినది. ఆ తర్వాతిది నేను చూసినది.

యూనిట్ అప్పుడు 185 మెగావాట్లు ఇస్తోంది. టర్బైన్ చివరి వరసలో రెండు బ్లేడ్లు లోహపు అలసటతో విరిగాయి. అవి తగిలి పక్కవి విరిగాయి. షాఫ్టు విపరీతంగా ఊగింది. సీళ్ళు తెగడంతో జనరేటరును చల్లబరిచే హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది. లూబ్రికేషన్ ఆయిలు కూడా అంటుకుంది. కంట్రోల్ రూంలో వాళ్ళు 39 సెకన్లలో రియాక్టరును చేత్తో ట్రిప్ చేశారు. ఆవిరిని బయటికి వదిలి వేగంగా చల్లార్చే పని మొదలుపెట్టారు. ఆ రోజు జరిగిన మంచి పనులన్నిట్లో ఇదే మొదటిది.

మంట కేబుళ్ళ దాకా పోయింది. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలని పెట్టిన సరఫరాలన్నిటి కేబుళ్ళూ కొంత దూరం పక్కపక్కనే వెళ్ళేవి. మధ్యలో నిప్పును ఆపే అడ్డుగోడ లేదు. ఏడెనిమిది నిమిషాల్లో మొత్తం కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు ఉన్నా, వాటి కరెంటును పంపులకు చేర్చే దారి కాలిపోయింది. కంట్రోల్ రూంలోకి పొగ కమ్ముకొచ్చి, అందరూ బయటికి రావాల్సి వచ్చింది. లోపల రియాక్టరు ఎలా ఉందో చెప్పే మీటరు ఒక్కటి కూడా వాళ్ళ కళ్ళ ముందు లేదు.

ఈ రంగం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. రియాక్టరు ఆపగానే చల్లబడదు. అణు విచ్ఛిత్తి ఆగినా, ఇంధనంలో పుట్టిన పదార్థాలు వేడిని వదులుతూనే ఉంటాయి. ఆపిన క్షణంలో పూర్తి వేడిలో ఆరేడు శాతం, గంట తర్వాత ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఏడు వందల మెగావాట్ల పైచిలుకు వేడిని ఇచ్చే రియాక్టరుకు ఒక్క శాతమంటే ఏడు మెగావాట్లు. దాన్ని ఎవరో ఒకరు తీసెయ్యాలి. తియ్యకపోతే ఇంధనం కరుగుతుంది.

నాలుగు దాటాక మా తలుపు కొట్టారు. పక్క క్వార్టరులో ఉండే సీనియరు, "రావుగారూ, ప్లాంటులో ఫైర్. వెంటనే రమ్మంటున్నారు" అన్నారు. శ్రీరామనవమి దగ్గర పడింది. మర్నాడు పానకం చెయ్యాలని నా భార్య తెచ్చిపెట్టుకున్న బెల్లం వంటింట్లో ఉంది. పాపకు ఇంకా ఏడాది నిండలేదు. "ఏమండీ, రేడియేషనా?" అని అడిగింది. తెలియదన్నాను. కిటికీలు వేసుకోమన్నాను. చెర్నోబిల్ జరిగి అప్పటికి ఏడేళ్ళు. ఆ పేరు ఇద్దరమూ ఎత్తలేదు, ఇద్దరికీ అదే గుర్తొచ్చింది.

జీపు కోసం నిలబడ్డప్పుడు నా మనసులో ఉన్నది డ్యూటీ కాదు. వీళ్ళిద్దర్నీ తీసుకుని అలీగఢ్ బస్సెక్కితే ఎలా ఉంటుందని ఆలోచించాను. చాలా ఏళ్ళు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. సిగ్గు వేసేది. జీపు వచ్చింది, ఎక్కాను. ధైర్యంతో ఎక్కానని చెప్పలేను. పక్కన నిలబడ్డవాళ్ళు ఎక్కారు కాబట్టి ఎక్కాను.

మేం చేరేసరికి పెద్ద మంటలను ఫైర్ సిబ్బంది చాలావరకు లొంగదీశారు. పొగ మాత్రం తగ్గలేదు. కాలిన కేబుల్ పొగ గొంతులో సూదుల్లా గుచ్చుకుంటుంది. కళ్ళు తెరవలేం. నాకు గాలి సిలిండరు, మాస్కు తగిలించి, స్విచ్‌గేర్ వైపు వెళ్ళి ఏది మిగిలిందో చూసి రమ్మన్నారు. లోపలికి పది అడుగులు వేశానో లేదో ఊపిరి అందనట్టయింది. మాస్కు పనిచేస్తూనే ఉంది. భయంతో నేనే వేగంగా పీలుస్తున్నాను. మాస్కు లాగెయ్యబోయాను. వెనక ఉన్న ఫైర్‌మన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎటావా వైపు మనిషి. తన తల నా తలకు ఆనించి, మెల్లగా పీల్చమని హిందీలో చెబుతూ, నాకు కుదురు వచ్చేదాకా కదలలేదు. ఆయన ఆపకపోతే ఆ పొగలోనే పడిపోయేవాణ్ణి. తర్వాత ఆయన ఇంటికి వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చాను. నాకంటే చిన్నవాడు, వద్దన్నాడు. అయినా పెట్టాను.

ఈలోపు రియాక్టరును కాపాడుతున్నవి రెండు.

ఒకటి నీళ్ళు. మంటలార్పడానికి పెట్టిన పంపులకు సొంత డీజిల్ ఇంజన్లు ఉన్నాయి. వాటికి కరెంటు అక్కర్లేదు. మా వాళ్ళు వాటిని నడిపి, ఆ నీటిని స్టీమ్ జనరేటర్లలోకి మళ్ళించారు. స్టీమ్ జనరేటర్లు రియాక్టరు కంటే ఎత్తులో ఉంటాయి. రియాక్టరు వేడిని మోసే భారజలం వేడెక్కి తనంతట తానే పైకి పోయి, అక్కడ చల్లబడి, కిందికి దిగుతుంది. పంపు లేకుండానే ప్రవాహం సాగుతుంది. దీన్ని మేం థర్మోసైఫన్ అంటాం. పరీక్షల కోసం చదువుకున్న ఆ పేజీ మీద ఆ రోజు మా అందరి బతుకూ ఆధారపడింది.

రెండోది బోరాన్. రియాక్టరు చల్లబడేకొద్దీ, గంటలు గడిచేకొద్దీ, అణుచర్య మళ్ళీ తలెత్తే అవకాశం ఉంటుంది. దాన్ని అణిచిపెట్టడానికి బోరాన్ ద్రావణం కలపాలి. కరెంటు లేకపోయినా కేవలం గురుత్వాకర్షణతో దిగేలా దాన్ని పైన ఉంచారు. అయితే వాల్వులు తెరవడానికి మనుషులు వెళ్ళాలి. చీకట్లో బ్యాటరీ టార్చీలతో ఆపరేటర్లు రియాక్టర్ బిల్డింగ్ మెట్లెక్కి, చేత్తో వాల్వులు తిప్పి వచ్చారు. నేను ఆ పని చెయ్యలేదు. చేసినవాళ్ళు కిందికి వచ్చాక వాళ్ళ ముఖాలు చూశాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒకాయన నీళ్ళు అడిగాడు.

పగలంతా మా పని ఒకటే. కాలినది ఏది, మిగిలింది ఏది, డీజిల్ జనరేటరు నుంచి షట్‌డౌన్ కూలింగ్ పంపు దాకా ఏదో ఒక దారిలో కరెంటు తీసుకెళ్ళడం ఎలా. ఒక్కో కేబులూ మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే పరికరంతో, చూడాలి. బాగున్నట్టు కనిపించేది లోపల చచ్చి ఉంటుంది. తొందరపడి చార్జ్ చేస్తే మళ్ళీ మంట. కాబట్టి కంగారు ఎంత ఉన్నా నెమ్మదిగా చెయ్యాలి. అదే అన్నిటికంటే కష్టం. మెగ్గర్ తిప్పేటప్పుడు నా చేతులు వణుకుతుంటే ఇంకొకరు పట్టుకున్నారు. హెల్త్ ఫిజిక్స్ వాళ్ళు మాటిమాటికీ వచ్చి రీడింగులు చెప్పేవారు. రేడియేషన్ మామూలుగానే ఉందని వాళ్ళు చెప్పిన ప్రతిసారీ వెంటనే నమ్మేవాణ్ణి, పావుగంట కాగానే మళ్ళీ అనుమానం పట్టుకునేది.

మధ్యాహ్నం క్యాంటీన్ కుర్రవాళ్ళు పూరీలు, టీ తెచ్చారు. రమ్మని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అలాగే కాలనీలో, పై అంతస్తులో ఉండే బెంగాలీ ఆవిడ నా భార్య దగ్గరే కూర్చుండిపోయింది. ఆవిడ భర్త కూడా లోపలే ఉన్నాడు.

రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, పదిహేడు గంటల తర్వాత, కరెంటు వచ్చింది. పంపు తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను ఒక మూలకు వెళ్ళి ఏడ్చాను. ఇంధనం దెబ్బతినలేదు. బయటికి రేడియోధార్మికత పోలేదు. అణు ఘటనల అంతర్జాతీయ కొలమానంలో దీన్ని మూడో స్థాయి ఘటనగా లెక్కించారు.

తర్వాత ఏడాదికి పైగా యూనిట్ ఆగింది. కేబుళ్ళ దారులు వేరుచేశాం, మధ్యలో అగ్నినిరోధక అడ్డుగోడలు కట్టాం. బ్లేడ్ల డిజైన్ మార్చారు. ఆ నెలల్లో నాకు నిద్రలో కేబుల్ వాసన వచ్చేది. ఇంట్లో కరెంటు పోతే లేచి నిలబడేవాణ్ణి. నా భార్యే బలవంతం చేసి కాలనీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన మందు రాయకుండా గంటసేపు నన్ను మాట్లాడనిచ్చాడు. అప్పటినుంచి కొంత నయం.

2011 మార్చిలో ఫుకుషిమా వార్తలు వచ్చినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. సునామీ డీజిల్ జనరేటర్లను ముంచింది. అక్కడి ఆపరేటర్లు టార్చీలతో మీటర్లు చదివారు, కార్ల బ్యాటరీలు పీకి వాటికి తగిలించారు. మా వాళ్ళకంటే వాళ్ళ ధైర్యం తక్కువేమీ కాదు. అయినా మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. అందుకే మా ఆపరేటర్ల సాహసాన్ని ఎవరైనా పొగిడితే నేను ఒకటి కలుపుతాను. సొంత ఇంజన్ ఉన్న పంపులూ, ఎత్తులో ఉంచిన బోరాన్ ట్యాంకులూ లేకపోతే ఆ సాహసానికి పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు కైగాలోనో, కాక్రపార్‌లోనో, కల్పక్కంలోనో అణు విద్యుత్ కేంద్రాల్లో షిఫ్టులు చేస్తున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. మీకు నేను చెప్పగలిగింది ఇంతే. అడ్డుగోడలో కేబుల్ కోసం చేసిన కన్నం ఒక్కటి పూడ్చకుండా ఉన్నా ఊరుకోవద్దు, రాసి పెట్టండి, పూడ్చేదాకా అడుగుతూ ఉండండి. కరెంటు లేని రోజున మీరు చేత్తో తిప్పాల్సిన వాల్వు ఎక్కడుందో తెలుసుకుని, దాని దగ్గరకు ఒక్కసారైనా టార్చి వెలుతురులో నడిచి వెళ్ళి రండి. మాస్కు పెట్టుకుని ఊపిరి పీల్చడం ముందే అలవాటు చేసుకోండి. భయం వేస్తే పక్కవాళ్ళకు చెప్పండి.