బ్యాటు విఫలమైతే భారం వెన్నుపూసకే

"బ్యాటింగ్ విఫలమవడంతో బౌలర్లపై ఒత్తిడి పెరిగింది" అని క్రికెట్ వ్యాఖ్యాతలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వినేవారిలో అధికులు దానిని మనసుకు సంబంధించిన మాటగానే భావిస్తారు. వైద్యుడిగా నాకు అందులో రెండు వేర్వేరు బాధలు కనిపిస్తాయి. ఒకటి మనసుది, రెండవది ఎముకది. వాటి చికిత్స కూడా ఒకటి కాదు. మన సికింద్రాబాద్‌లో పరేడ్ మైదానం వైపో, జింఖానా వైపో ఉదయపు నడకకు వెళ్ళే మీకు, తమ ఎత్తున్న కిట్ బ్యాగులు మోసుకుపోయే పిల్లలు తారసపడుతూనే ఉంటారు. వారి కోసమైనా ఈ తేడాను వివరించవలసి ఉంది.

ముందుగా మనసు సంగతి. 2018 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ జట్టు ఏప్రిల్ 24న వాంఖడే మైదానంలో ముంబై జట్టుపై 118 పరుగులకే కుప్పకూలింది. ఆ స్కోరు చూసి టీవీ కట్టేసినవారు తెల్లవారి పత్రిక చూసి నమ్మలేకపోయి ఉంటారు: ముంబై 87కే ఆలౌట్. రెండు రోజుల తరువాత ఉప్పల్‌లో 132 పరుగులే చేసి పంజాబ్‌పైనా, 29న జైపూర్‌లో 151 చేసి రాజస్థాన్‌పైనా నెగ్గారు. నగరమంతా బౌలర్లను ఆకాశానికెత్తింది. ఎత్తవలసినదే. అయితే ఇరవై ఓవర్ల ఆటలో ఒక్కొక్క బౌలరుకు దక్కేవి నాలుగు ఓవర్లు, అంటే 24 బంతులు. శరీరానికి అది మోయలేని శ్రమ కాదు. ఒక్క బంతి కూడా దారి తప్పరాదన్న భయమే అక్కడి బరువు. గుండె వేగం పెరుగుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, ఆట ముగిసినా నిద్ర పట్టదు. మంచి నిద్ర, ఒకటి రెండు రోజుల విశ్రాంతి, తోటివారి మాటసాయం దొరికితే ఈ బాధ చాలావరకు ఉపశమిస్తుంది.

ఇటువంటి విజయాలను చూసినప్పుడు నాకు అధిక రక్తపోటు ఉన్న రోగి హృదయం గుర్తుకు వస్తుంది. ఎదురుగా ఒత్తిడి పెరిగితే హృదయ కండరం మందమై మరింత బలంగా పనిచేస్తుంది. కొన్నేళ్ళపాటు రోగికి ఏ బాధా తెలియదు. "నాకేమీ లేదు డాక్టరుగారూ" అంటూ మాత్రలు మానేస్తాడు. ఒకరి లోటును మరొకరు పూడ్చుతున్నంత కాలం లోటు బయటపడదు.

ఇక ఎముక సంగతికి వస్తాను. ఇది రోజుల తరబడి సాగే ఆటలలో వచ్చే చిక్కు. అక్కడ బ్యాటర్లు క్రీజులో నిలిచిన కాలమే బౌలర్ల విశ్రాంతి కాలం. 2010 నవంబరులో జైపూర్‌లో జరిగిన రంజీ మ్యాచ్‌లో మన హైదరాబాద్ జట్టు 21 పరుగులకు ఆలౌట్ అయింది. రంజీ చరిత్రలో అంతటి తక్కువ స్కోరు అంతకుముందు లేదు. తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. ఆ 21 పరుగులను అందరూ గుర్తుంచుకున్నారు. పదహారో ఓవరు పూర్తి కాకముందే ఇన్నింగ్స్ ముగిసి, ఆ పూటే బంతి అందుకోవలసి వచ్చిన మన బౌలర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఫాస్ట్ బౌలరు బంతి విసిరే క్షణంలో ముందు పాదం నేలను తాకినప్పుడు, అతని శరీర బరువుకు అయిదు రెట్లు, కొన్నిసార్లు అంతకు మించిన బలం కాలి మీదుగా పైకి ప్రయాణిస్తుంది. అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఈ మూడూ కలిసి నడుము దిగువ వెన్నుపూసల వెనుక భాగంలోని సన్నని ఎముకపై పడతాయి. ఎముక జీవమున్న పదార్థం. చిన్న చిన్న దెబ్బలను తానే మాన్పుకుంటుంది, కానీ అందుకు వ్యవధి కావాలి. వ్యవధి చాలనప్పుడు సన్నని పగులు ఏర్పడుతుంది. ఒక మ్యాచ్‌లో 50కి మించి ఓవర్లు వేసిన ఫాస్ట్ బౌలర్లు తరువాతి మూడు వారాలలో గాయపడే అవకాశం ఎక్కువని ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన తేల్చింది. గాయం ఆలస్యంగా రావడమే ఇక్కడి మాయ. ఎక్కువ ఓవర్లు వేసిన రోజున కుర్రవాడు బాగానే ఉంటాడు.

2024–25లో ఆస్ట్రేలియా పర్యటన చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మన బ్యాటింగ్ పెర్త్‌లో తొలి ఇన్నింగ్స్‌లో 150, అడిలైడ్‌లో 180, 175, సిడ్నీలో 185, 157 పరుగులకే ముగిసింది. అయిదు టెస్టులలో బుమ్రా 151 ఓవర్లు దాటి వేసి 32 వికెట్లు తీశాడు. మన హైదరాబాదీ సిరాజ్ అంతకన్నా ఎక్కువే, 157 ఓవర్లు వేశాడు. సిడ్నీ రెండవ ఇన్నింగ్స్‌లో 162 పరుగుల లక్ష్యాన్ని కాపాడవలసిన వేళ బుమ్రా వెన్ను సహకరించక మైదానంలోకే రాలేదు. ఒక గాయానికి ఒకే కారణం అంటగట్టడం వైద్యశాస్త్రానికి సమ్మతం కాదు. అతని బౌలింగ్ శైలి ఉంది, 2023లో శస్త్రచికిత్స జరిగిన వెన్ను ఉంది. అయినా మిగిలిన కారణాలను మార్చలేము. విశ్రాంతిని మాత్రం బ్యాటర్లు ఇవ్వగలరు.

ఇచ్చిన సందర్భమూ ఉంది. 2001 మార్చి 14న కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతూ లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఔట్ కాకుండా నిలిచారు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు చేసినది 171 మాత్రమే. ఆస్ట్రేలియా 445 పరుగులు చేసేదాకా మన బౌలర్లు 131 ఓవర్లకు పైగా శ్రమించారు. ఆ ఒక్క రోజు వారికి దొరికిన విశ్రాంతి ఏ ఫిజియోథెరపిస్టూ ఇవ్వలేనిది. చివరి రోజు హర్భజన్ ఆరు వికెట్లు తీశాడు. అందరూ లక్ష్మణ్ 281 పరుగుల గురించే చెబుతారు. నేను మాత్రం అతడు క్రీజులో గడిపిన గంటలను లెక్కిస్తాను. (వైద్య దంపతుల కుమారుడు కదా అని నాకు కొంత పక్షపాతం కూడా ఉంది.)

మన పిల్లలకు ఇంతటి బ్యాటర్ల అండ ఉండదు. జట్టులో వేగంగా వేయగలవాడు ఒక్కడే ఉంటాడు. తోటివారు అరవై పరుగులకు ఔటైతే "నువ్వే కాపాడాలిరా" అంటూ బంతి వాడి చేతికే ఇస్తారు. బడి జట్టుకు శనివారం, అకాడమీకి ఆదివారం, మధ్యలో నెట్స్. ఏ కోచ్‌కు ఆ కోచ్ తన ఓవర్లే లెక్కిస్తాడు. మొత్తం కూడేవారు ఎవరూ లేరు. పదిహేనేళ్ళ ఎముక ఇంకా గట్టిపడుతున్న దశలో ఉంటుంది. ఇంగ్లండ్ బోర్డు ఆ వయసు ఫాస్ట్ బౌలర్లకు ఒక దఫా ఆరు ఓవర్లు, రోజుకు పన్నెండు అని చాలాకాలం హద్దు పెట్టింది. మన వీధి టోర్నమెంట్లలో అటువంటి హద్దు నా కంటపడలేదు.

బౌలింగ్ చేసే పిల్లవాడికి నడుము కింది భాగంలో, ముఖ్యంగా బంతి వేసే చేతికి ఎదురు పక్కన నొప్పి వచ్చి, వెనక్కి వంగినప్పుడు ఎక్కువవుతూ, రెండు వారాలైనా తగ్గకపోతే దానిని కండరం పట్టేసిందని కొట్టివేయకండి. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కు పంపకండి. తొలి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారైలో పగులు రాకముందే ఎముకలోని వాపు తెలుస్తుంది. అప్పుడే పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో చాలామందికి పూర్తిగా మానుతుంది. అంతవరకు రాకుండా, ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి ప్రతిరోజూ వేసిన బంతులన్నీ, నెట్స్‌వి సహా, పిల్లవాడి చేతనే రాయించండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా తీసుకువెళ్ళండి.