కలివికోడి ఫొటో దిగిన తీరు

నందికొట్కూరు దాటాక రోళ్లపాడు గడ్డి మైదానం. బట్టమేక పిట్ట కోసమే 1988లో దీన్ని అభయారణ్యం చేశారు. మనిషి నడిచొస్తే అల్లంత దూరానే లేచిపోయే పిట్ట, ఎద్దులబండిని మాత్రం అంతగా పట్టించుకోదు. వేటగాళ్లూ బండి చాటునే వచ్చేవాళ్లు, కెమెరాల వాళ్లూ ఆ చాటునే నమ్ముకున్నారు. ఇప్పుడిక్కడ కృష్ణజింకలను చూడొచ్చు. బట్టమేక సంగతి అడిగితే మాత్రం పెదవి విరుస్తారు.

అక్కణ్ణుంచి మా దారి కడప వైపు. సిద్ధవటం కోట, పెన్న ఇసుక మేటలు దాటి వెళ్తే లంకమల కొండల కింద రెడ్డిపల్లి అడవి. అడవంటే పెద్ద మాన్లనుకునేరు! రేగు, తుమ్మ, కలివి పొదలు, మధ్యమధ్య బోసి నేల. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తర్వాత కంటబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడే ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకుతున్న పిట్ట అదే. పాపం, పట్టిన పిట్ట ఎన్నాళ్లో బతకలేదు.

చీకట్లో తిరుగుతూ పొద చాటు వదలని పిట్టను దగ్గరగా ఫొటో తీయడమెట్లా? జగన్నాథన్, రైస్ గ్రీన్ తదితర పరిశోధకులు పొదల సందుల్లో మెత్తటి మట్టిని పట్టీలా పరిచి నున్నగా చదును చేశారు. రాత్రి ఎవరు నడిచారో తెల్లారి ఆ మట్టే చెబుతుంది. కలివికోడికి వెనక వేలు ఉండదు, పడేది మూడు వేళ్ల అచ్చు. అచ్చు పడే చోట ఆటోమేటిక్ కెమెరా పెట్టారు. పిట్ట తన దారిన తాను నడిచింది, ఫొటో పడింది. 2002లో ఈ పద్ధతి గురించి వాళ్ల వ్యాసం అచ్చయింది.

రికార్డు చేసిన కూత వినిపించడం ఇంకో దారి. పొద్దు కుంకాక కాసేపే కూసే ఈ పిట్ట, కూత వింటే బదులు పలుకుతుంది. పిట్టల లెక్కకు అది పనికొస్తుంది గానీ ఫొటో కోసమైతే నాకు సమ్మతం కాదు. తన చోటికి మరో పిట్ట వచ్చిందనుకుంటే, చెదలు, చీమలు ఏరుకోవడం మాని ఇటే చెవి పెడుతుంది.

మాపటేళ పొద పక్కన కూర్చోగానే వాచర్ అన్నాడు: "సద్దు చెయ్యొద్దు సార్, టార్చి ఆర్పేయండి." కలివికోడి రాలేదు. నాలుగు బారల దూరంలో ఒక చెవులపిల్లి వచ్చి కూర్చుని, ఒక్క చెవి మావైపు తిప్పింది. షట్టర్ టిక్కుమనగానే పొదలోకి దూరింది.

లంకమల కూడా అభయారణ్యమే. అటవీశాఖ అనుమతి ఉంటేనే వెళ్లండి. ఫోన్‌లో కలివికోడి కూత పెట్టుకుని మాత్రం వెళ్లకండి.