అన్యులకు పేరు పెట్టేదెవరు?

లాటిన్‌లో ‘పాగుస్’ అంటే పల్లెపట్టు, ‘పాగానుస్’ అంటే ఆ పల్లెపట్టు మనిషి. మతంతో నిమిత్తం లేని ఈ మాట క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో క్రైస్తవుల నోట ‘మన దేవుణ్ణి కొలవనివాడు’ అనే అర్థం తెచ్చుకుంది. నేటి ‘పేగన్’కు మూలం అదే. కొత్త మతం ముందు పట్టణాల్లో పాతుకుపోగా పాత దేవతలు పల్లెల్లో మిగిలారని, అందుకే ఈ పేరని ఒక వివరణ. సైనికుల పరిభాషలో పాగానుస్ అంటే సైన్యంలో చేరని పౌరుడని, క్రీస్తు సైనికులమని చెప్పుకున్నవారు తక్కినవారిని అలా పిలిచారని మరొక వివరణ. పండితులు ఇంకా తేల్చుకోలేదు.

మొదటి వివరణకు అడ్డుతగిలే మనిషి ఒకడున్నాడు. సెనేట్ భవనంలో విజయదేవత బలిపీఠాన్ని తిరిగి నెలకొల్పమని 384లో చక్రవర్తికి విన్నవించిన సిమ్మాకస్ పల్లెటూరివాడు కాదు, సాక్షాత్తు రోమ్ నగర పాలనాధికారి. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అడ్డుపడ్డాడు, విన్నపం వీగిపోయింది. 391లో థియొడోసియస్ చక్రవర్తి బలులను నిషేధించాడు. చివరికి నగర పెద్దలకు సైతం పల్లెటూరి పేరే అంటుకుంది. అంతకంటే గమనించదగినది వేరొకటి ఉంది. జూపిటర్‌ను, ఐసిస్‌ను, మిత్రను కొలిచినవారెవరూ తామంతా ఒకే మతస్థులమని అనుకోలేదు. వారిని ఒక్క గాటన కట్టినది వారి విశ్వాసం కాదు, ఎదుటివారు పెట్టిన పేరు.

ఈ పని ఒక్క రోమ్‌దే కాదు. అశోకుని శాసనాల్లో ‘పాసండ’ అంటే ఏ మతశాఖ అయినా సరే. అన్ని శాఖలనూ గౌరవించమన్న సందర్భంలోనే ఆ మాట వస్తుంది. పురాణాల కాలానికి అదే ‘పాషండుడు’గా మారి తిట్టయింది. తెలుగువారి సంగతి మరీ విచిత్రం. పోర్చుగీసులు ‘అన్యజనుడు’ అనే అర్థంలో వాడిన ‘జెంటియో’ ఇంగ్లీషువారి నోట ‘జెంటూ’ అయింది. అది హిందువులందరికీ పేరయింది. 1776లో హాల్‌హెడ్ ప్రచురించిన హిందూ ధర్మశాస్త్ర సంకలనం పేరు కూడా జెంటూ స్మృతే. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగు భాష. కుంపిణీ దొరలు తెలుగు నేర్చుకుంటూ ‘అన్యమతస్థుల భాష’ నేర్చుకుంటున్నామని అన్నట్టే లెక్క.

కుంపిణీ పోయింది, రాణి పాలన వచ్చింది, జనగణన మొదలైంది. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు అనే గడుల్లో ఇమడని ఆదివాసులకు టైలర్ 1871లో ప్రచారంలోకి తెచ్చిన ‘యానిమిజం’ అనే మాట అక్కరకొచ్చింది. యానిమిస్టు ఎక్కడ ముగుస్తాడో, హిందువు ఎక్కడ మొదలవుతాడో చెప్పడం కష్టమని జనగణన అధికారులే నివేదికల్లో ఒప్పుకున్నారు. అయినా గడి నిలిచింది. 1931 నాటికి అది ‘గిరిజన మతాలు’ అయింది. స్వతంత్ర భారతంలో క్రమంగా ‘ఇతర మతాలు, విశ్వాసాలు’ అన్న గంపలో కలిసిపోయింది.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా తాను ‘జంగ్లీ’నని, ఆ పేరు తనకు గర్వకారణమని ప్రకటించాడు. తిట్టును తలపాగాగా చుట్టుకోవడమంటే అదే. ఐరోపాలో పేగన్లు ఆ పని చాలా ఆలస్యంగా చేశారు. ఐస్‌లాండ్ 1973లో పాత నార్స్ దేవతల ఆరాధకుల సంఘానికి గుర్తింపునిచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణనలో సుమారు 74 వేల మంది తమ మతం పేగన్ అని తామే రాసుకున్నారు.

ఇక్కడ 2011లో దాదాపు 49 లక్షల మంది తమ మతం సర్నా అని రాయించారు. సర్నా అంటే గ్రామదేవతలు నెలవున్న సాల వృక్షాల తోపు. ఆ జనగణనలో జైనులు 44 లక్షలు. వారికి విడి గడి ఉంది, వీరికి లేదు. ‘వనవాసులు’ హిందువులేనని సంఘ్ పరివారం వాదిస్తుంది. కానీ 1955 హిందూ వివాహ చట్టంలోని రెండో సెక్షన్, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు తాను వర్తించనని చెబుతుంది. పెళ్లి దగ్గర వేరు, లెక్క దగ్గర ఒకటి! మతం మారిన ఆదివాసులను జాబితా నుంచి తొలగించాలన్న డిమాండుకు మూలం కూడా ఈ గందరగోళమే. షెడ్యూల్డ్ తెగ గుర్తింపునకు మతం షరతు కాదన్నది ఆ ప్రచారంలో వినిపించని మాట.

అలాగని సర్నా కోడ్ కోరేవారి వాదం చిక్కులు లేనిదేమీ కాదు. ఛోటా నాగపూర్ మాట గోండులకు ఎలా సరిపోతుంది? కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు, మేడారంలో విగ్రహం లేని గద్దెల ముందు పూజ జరిపే కోయ వడ్డెలు తమను సర్నా అని ఎందుకు రాయించుకోవాలి? గోండుల్లో చాలామంది తమది కోయ పునెం అంటారు. వందల తెగలను ఒక్క పేరు కింద చేర్చడం రోమ్ చేసిన పనే. అయితే ఈసారి పేరు పెట్టుకునేది ఆ జనమే, మార్చుకునే హక్కూ వారిదే. ఈ తేడా చిన్నది కాదు.

ప్రత్యేక గడి కావాలని ఝార్ఖండ్ శాసనసభ 2020 నవంబరు 11న ఏకగ్రీవంగా తీర్మానించి కేంద్రానికి పంపింది. 2021లో జరగవలసిన జనగణన 2027కు జరిగింది. అందులో కులానికి చోటు దొరికింది. సర్నా సంగతి ఢిల్లీ చెప్పాలి.