ఓడ మీద అమ్మ అడిగిన మాట

పోయిన కూటంలో చానామంది అడిగినారు, "లక్షద్వీపం ఓడ ప్రయాణం ఎట్ల ఉన్నింది? రాయి" అని. మేము పోయింది 2019 జనవరిలో. ఇన్నాళ్ళు రాయకపోయిన కారణం కింద తెలుస్తాది. తెలుగు చదవను రాని వాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి.

గురువాయూరు ఎక్స్‌ప్రెస్‌లో విరుదునగరులో మా వదినోళ్ళు పరోటా పొట్లాలతో ఎక్కినారు. గంటలోపల కోవిల్‌పట్టిలో మేము ఎక్కినాము: నేను, నా భార్య, తొమ్మిదేండ్ల మా పాప, డెబ్బై దాటిన మా అమ్మ. అమ్మ చేతిలో రెండు కిలోల కడలైమిఠాయి. ఆమె అంతవరకు చూసిన సముద్రం తిరుచెందూరు, తూత్తుక్కుడి, అంతే.

కొచ్చిలో ఓడ పేరు ఎం.వి. కవరత్తి. విశాఖపట్నంలో కట్టిన ఓడ అని తెలిసి అమ్మ గోడను తట్టి చూసింది, మన ఊరి బండి మాదిరి. సినిమాల్లో చూపించే ఆడంబరం ఏమీ ఉండదు. సుమారు 700 మంది పట్టే ఓడ. మా మాదిరి చూడను వచ్చినోళ్ళ కంటే ఆసుపత్రికి, చదువుకు పోయి తిరిగొచ్చే దీవులోళ్ళే ఎక్కువ. వాళ్ళకు అది మన టౌన్ బస్సు. మొదటి రాత్రి మా వదినకు ఒకటే వాంతులు, దాని గురించి ఆమె రాయొద్దు అన్నది.

రాత్రంతా ఓడ నడుస్తాది, తెల్లవారితే ఒక దీవి. పగడపు దిబ్బ అడ్డం కాబట్టి ఓడ దూరంగానే నిలుస్తాది. పక్క తలుపు తెరిచి చిన్న పడవలోకి దించుతారు. అల పైకెత్తినప్పుడు అడుగు వెయ్యాలి, ఆలస్యమైతే పడవ కిందికి పోతాది. కల్పేనిలో మొదటిసారి అమ్మ చీర కుచ్చిళ్ళు బిగించి, కండ్లు మూసుకొని దూకింది. ఆ దీవి తూర్పు ఒడ్డున 1847 తుఫాను విసిరేసిన పగడపు రాళ్ళు ఇంకా గుట్టగా ఉండాయి. నీళ్ళు మాత్రం ఎంత తేటగా ఉంటాయంటే, నడుములోతులో నిలబడితే కాలివేళ్ళు లెక్కబెట్టొచ్చు.

రెండో దీవి మినికాయ్. నేను చెప్పదలచింది దీని గురించే. తక్కిన దీవుల్లో మలయాళం పోలిన మాట. మినికాయ్ వాళ్ళు ఒక్కరే మహల్ అనే మాట మాట్లాడతారు, మాల్దీవుల మాటకు చుట్టం. దానికి కుడినుంచి ఎడమకు రాసే వేరే లిపి. ఊరు వాడలవాడలుగా ఉంటాది, ప్రతి వాడకు ఒక పెద్ద, అందరూ కూడే ఒక ఇల్లు. మన సంఘం కట్టడం గుర్తొచ్చింది. ఒక ఇంట్లో ఎండబెట్టిన సూరచేప ముక్క చూపించినారు. అమ్మ వాసన చూసి, "ఇది మన తూత్తుక్కుడి మాసి కదా!" అన్నది. ఆ ఇంటామె నవ్వింది.

మాకు దారి చూపించిన పిల్లోనికి కొంచెం అరవం వచ్చు. అతని ద్వారా అమ్మ అడిగింది: "మీ పిల్లోళ్ళు ఇంట్లో ఏ మాట మాట్లాడతారు?" ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే, "మా మాటే. ఇంకేం మాట్లాడతారు?" అన్నది.

రాత్రి ఓడ పైతట్టులో అమ్మ నా పక్కన కూర్చొని చానాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నది: "నువ్వు నీ పెండ్లాంతో అరవంలో మాట్లాడతావు. నేను తెలుగులో పిలిస్తే నీ కూతురు అరవంలో పలుకుతాది. మీ నాయిన ఉన్నప్పుడు ఆయనతోనన్నా మాట్లాడుతుంటిని. ఇంక ఎవరితో మాట్లాడేది, ఆవుతోనా?"

నేను ఏమీ చెప్పలేకపోతిని. నా భార్యది విరుదునగరులో తెలుగిల్లే. పెద్దోళ్ళతో తెలుగు, మాలో మాకు అరవం, ఎప్పుడు అట్లయిందో మాకే తెలీదు. సంఘం మేడమీద మైకు పట్టుకొని "మన మాట మరవకండి" అని ప్రతి ఏడూ చెప్పేది నేనే. ఇది ఇన్నాళ్ళు రాయకపోయింది అందుకే.

మరునాడు కవరత్తి. పడవలోకి మా పాప ముందు దూకింది. అమ్మ తలుపు దగ్గర వెనకాడింది, అల పెద్దది. కిందినుంచి పాప చెయ్యి చాపి, "అవ్వా, చెయ్యి పిడి! కండ్లు మూయొద్దు!" అని అరిచింది. సగం తెలుగు, సగం అరవం. అమ్మ తప్పు దిద్దలేదు. కండ్లు తెరిచే దిగింది.

అడిగినోళ్ళకు: అనుమతి పత్రం లేకుండా దీవుల్లో కాలు పెట్టనీరు, దానికి మన పోలీసు స్టేషను సర్టిఫికెట్టు కావాలి. వానకాలంలో పోవద్దు. ఇప్పటి టికెట్టు ధర కొచ్చిలో కనుక్కోండి. మేము పోయిన దీవుల్లో మందు దొరకదు, ఇద్దరు ముగ్గురు అడిగినారు కాబట్టి చెప్తున్నాను. మోకాళ్ళ నొప్పి ఉండే పెద్దోళ్ళను పిలుచుకొని పోతే పడవ దగ్గర ముందు మీరు దిగండి.